ఊడిపోని ప్యాడు కోసం

2019 మే నెలలో ఒక మధ్యాహ్నం, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని మా చిన్న షెడ్డులో నల్ల సెడాన్ ఒకదాని బానెట్‌కు పాలిష్ చేస్తుండగా, మిషన్‌కు తగిలించిన స్పాంజి ప్యాడు ఉన్నట్టుండి రెండుగా విడిపోయింది. స్పాంజి జారి పక్కకు పడింది. ప్యాడును పట్టి ఉంచే మిషన్ ప్లేటుకు అంటుకొని మిగిలిన వెల్క్రో (నొక్కితే అంటుకొని, లాగితే ఊడివచ్చే గుడ్డ) ముక్క అలాగే తిరుగుతూ, నేను స్విచ్చి ఆపేలోపే పెయింటు మీద జానెడు మేర వంపు గీతలు గీసేసింది. ఆ కారు యజమాని తన కుమార్తె పెళ్లికి రెండు రోజుల ముందు ఎంతో నమ్మకంతో దాన్ని మాకు అప్పగించారు. గీతలు క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను దాటి లోపలి రంగు వరకు దిగడం వల్ల పాలిష్‌తో పోయే అవకాశం లేక, బానెట్ మొత్తానికి నా సొంత ఖర్చుతో రంగు వేయించి ఇచ్చాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఆ రోజు నాకు మరింత గుర్తుండిపోయింది.

అప్పటివరకు నా దృష్టిలో ప్యాడంటే గుడ్డపేలికలాంటి వస్తువు. వాడాలి, అరిగితే పారేయాలి, అయిదారు కలిపి చవకగా దొరికినప్పుడు కొని పెట్టుకోవాలి. కాంపౌండు (గీతలను అరగదీసే పేస్టు) ఏది, మిషన్ ఏది అని నెలల తరబడి ఆలోచించినవాణ్ణి, ఆ రెండింటికీ పెయింటుకూ మధ్య నిలబడే ఈ స్పాంజి గురించి మాత్రం అరగంట కూడా ఆలోచించలేదు. మా వరసలోనే ముప్ఫయ్యేళ్లుగా పెయింటింగ్ చేస్తున్న మేస్త్రి గారు ఆ సాయంత్రం వచ్చి, విడిపోయిన రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకొని, వెలుతురులో తిప్పి చూసి, "స్పాంజి ఎక్కడైనా చిరిగిందా చూడు బాబూ. చిరగలేదు. అతుకు వదిలేసింది. నువ్వు చూడాల్సింది ఇక్కడ" అన్నారు. నిజమే. స్పాంజి అడుగున ఒక్క పీచు కూడా తెగలేదు, వెల్క్రో మీద స్పాంజి ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. రెండింటి మధ్య ఉన్న జిగురు మాత్రం మెత్తబడి, ఆరిన గంజిలా పొరలు కట్టి ఉంది. మన్నిక గురించి నేను నేర్చుకున్నదంతా ఆ అతుకు దగ్గరే మొదలయింది.

అతుకును కరిగించేది వేడి. ఆ వేడి ఎక్కడ పుడుతుందో తెలుసుకోకుండా ఎంత ఖరీదైన ప్యాడు కొన్నా డబ్బు వృథానే. డ్యూయల్ యాక్షన్ మిషన్‌లో ప్యాడు తన చుట్టూ తాను తిరగడమే కాక, నిమిషానికి కొన్ని వేల సార్లు చిన్న వలయంలో అటూ ఇటూ ఊగుతుంది. 15 మిల్లీమీటర్లు, 21 మిల్లీమీటర్లు అని మిషన్ల మీద రాసేది ఆ ఊగే వలయపు కొలతే. ప్లేటు ఊగిన ప్రతిసారీ స్పాంజి ఒకవైపుకు వంగి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఇనుప తీగను పదేపదే వంచితే వంపు దగ్గర వేడెక్కినట్టే, ఇలా వంగి లేచే స్పాంజి కూడా తన లోపలే వేడెక్కుతుంది. అంచుల దగ్గర పుట్టిన వేడిని గాలి తీసుకుపోతుంది గాని, నడిమధ్యన పుట్టిన వేడికి పైన ప్లేటు, కింద రేకు అడ్డుగా ఉండటంతో బయటికి దారి ఉండదు. ప్యాడ్లు దాదాపు ఎప్పుడూ మధ్యలోనే ముందుగా ఉబ్బడానికీ, అతుకు అక్కడి నుంచే వదలడానికీ కారణం ఇదే. మంచి ప్యాడ్లలో చాలావాటికి మధ్యన రంధ్రం ఉండటం అందానికి కాదు, వేడి పోవడానికే.

దీని నుంచే ఇంకొక సంగతి తేలుతుంది. మందంగా ఉన్న స్పాంజి ఎక్కువ కాలం వస్తుందని నేను చాలాకాలం నమ్మాను. చూపుకు అలాగే అనిపిస్తుంది. కాని స్పాంజి ఎంత మందంగా ఉంటే పైన ప్లేటు కదలికకూ కింద పెయింటును తాకే ముఖానికీ మధ్య అంత ఎక్కువ వంపు వస్తుంది, అంత వేడి లోపలే పుడుతుంది, పైగా పెయింటు మీద జరగాల్సిన పని తగ్గిపోతుంది. పని తగ్గిందని మనం చేత్తో ఇంకాస్త నొక్కుతాం, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే పెద్ద వలయంలో ఊగే మిషన్లకు ఇప్పుడు పలుచని ప్యాడ్లు వాడుతున్నాను. మునుపటి మందపాటి వాటికంటే అవే ఎక్కువ కార్లు లాగుతున్నాయి.

ఇక స్పాంజి సంగతి. దుకాణాల్లో మనకు కనిపించేది రంగు, ముట్టుకుంటే తెలిసేది మెత్తదనం. కాని అసలు తేడా లోపలి పదార్థంలో ఉంటుంది. పాలిష్ ప్యాడ్ల స్పాంజి సాధారణంగా పాలియురేథేన్. అందులో పాలియెస్టర్ ఆధారంగా తయారైనది ఒకటి, పాలిఈథర్ ఆధారంగా తయారైనది ఒకటి ఉంటాయి. పాలియెస్టర్ రకం లాగితే సులభంగా చిరగదు, ద్రావకాలను బాగా తట్టుకుంటుంది. కాని తేమ దానికి శత్రువు. ఏళ్లు గడిచేకొద్దీ నీటి ఆవిరి దాని అణువుల గొలుసులను తెంచేస్తుంది. పాలిఈథర్ రకం నీటిని తట్టుకుంటుంది, నొక్కి వదిలితే చురుగ్గా లేస్తుంది. ఎండ తగిలితే మాత్రం పసుపెక్కి పెళుసవుతుంది. ఈ తేడా తెలియని రోజుల్లో తగ్గింపు ధరకు దొరికాయని డజను ప్యాడ్లు కొని బీరువాలో దాచాను. రెండు వానాకాలాలు గడిచాక ఒకటి తీసి వేలితో నొక్కితే, పాత సోఫాలోని స్పాంజిలా బంకబంకగా రాలిపోయింది. ఒక్కసారి కూడా వాడని ప్యాడు అది. కృష్ణా తీరపు ఉక్కలో ఉండేవారూ, విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లవారూ ప్యాడ్లను నిల్వ చేసుకోవడం కంటే ఆరు నెలలకు సరిపడా కొనుక్కోవడమే మేలు.

స్పాంజిలోని గదుల తీరు కూడా చూడాలి. గదుల మధ్య పొరలు మూసుకొని ఉన్న రకం కాంపౌండును పైపైనే ఉంచుతుంది, కాస్త గట్టిగా ఉంటుంది, కాని వేడిని పట్టుకుంటుంది. పొరలు తెరుచుకొని ఉన్న రకంలో గాలి ఆడుతుంది, కడిగితే మురికి త్వరగా వదులుతుంది. ఆ పొరలను పూర్తిగా తొలగించి, కేవలం పుల్లల అల్లికగా మిగిల్చిన స్పాంజి కూడా ఉంది. మూసిన గదిలో హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల మిశ్రమాన్ని ఒక్క క్షణం మండించి ఆ పల్చటి పొరలను కాల్చివేసే పద్ధతిలో దాన్ని తయారు చేస్తారని తెలిసినప్పుడు, చేతిలోని ఆ చిన్న స్పాంజి మీద నాకు గౌరవం కలిగింది. మా వాతావరణానికి నా ఓటు తెరుచుకున్న గదుల రకానికే.

రంగును చూసి ప్యాడును కొనకండి. రంగులకు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు. ఇటలీకి చెందిన రూపెస్ ప్యాడ్లలో నీలం అన్నిటికంటే గరుకైనది. త్రీఎమ్ ప్యాడ్లలో నీలం అన్నిటికంటే మృదువైనది. ఒక కంపెనీ నీలానికి అలవాటు పడిన కుర్రవాడు ఇంకొక కంపెనీ నీలాన్ని తీసుకొని నల్ల కారు మీద చివరి మెరుగు పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మా షెడ్డులో ప్రతి ప్యాడు వెనకా చెరగని మార్కర్‌తో అది చేసే పనినీ, కొన్న నెలనూ రాస్తాము.

కొనేటప్పుడు నేను చేసే పరీక్ష ఇది. ముందుగా బొటనవేలితో ప్యాడు మధ్యలో గట్టిగా నొక్కి వదులుతాను. గుంట వెంటనే పూడాలి. తరువాత స్పాంజిని ఒక చేత్తో, వెల్క్రో అంచును ఇంకొక చేత్తో పట్టుకొని కొద్దిగా విడదీసినట్టు లాగుతాను. మంచి అతుకైతే జిగురు గీత కనపడదు, లాగిన చోట స్పాంజే సాగుతుంది. నాసిరకమైతే అంచున సన్నని సందు తెరుచుకొని, లోపల మెరిసే జిగురు కనిపిస్తుంది. కొన్నిటిలో స్పాంజి ఉపరితలాన్ని మంటతో క్షణకాలం కరిగించి గుడ్డకు అతికిస్తారు, మరికొన్నిటిలో వేడికి కరిగే జిగురు వాడతారు. వేడికి కరిగి అతుక్కున్న జిగురు మళ్లీ వేడికే మెత్తబడుతుంది గనుక, పని ఎలా చేస్తామన్న దానిమీదే దాని ఆయుష్షు ఆధారపడుతుంది. చివరగా కొలత చూస్తాను. 125 మిల్లీమీటర్ల ప్లేటుకు 140 మిల్లీమీటర్ల ప్యాడు సరిపోతుంది. ప్యాడు చుట్టూ కొద్దిగా బయటికి ఉండాలి, కాని మరీ వెడల్పయితే ప్లేటు దన్ను లేని అంచు రెపరెపలాడుతూ త్వరగా చీలుతుంది. ప్యాడుకు సమానమైన ప్లేటు వాడితే ఇంకా ప్రమాదం, ఏ డోర్ హ్యాండిల్‌కో ప్లాస్టిక్ అంచు తగిలి గీత పడుతుంది.

ఆటోనగర్‌లో పాత పద్ధతివారు ఇప్పటికీ ఇష్టపడేది ఊలు ప్యాడు. మన్నికలో దానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. పీచుల మధ్య గాలి ఆడటం వల్ల అది చల్లగా నడుస్తుంది, లోతైన గీతలను త్వరగా కోస్తుంది. కాని ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్ మీద వాడినప్పుడు ఎండలో కనిపించే సుడి మరకలను వదులుతుంది గనుక, దాని తరువాత స్పాంజి పని తప్పదు. మైక్రోఫైబర్ ప్యాడ్లు గట్టి క్లియర్ కోట్ మీద అద్భుతంగా పనిచేస్తాయి. మెర్సిడెస్ 2003 చివర్లో నానో కణాలతో గట్టిపరచిన క్లియర్ కోట్‌ను తెచ్చింది. అలాంటి కార్ల మీద మెత్తని స్పాంజితో గంటలు గడిపినా గీతలు పోవు, ప్యాడే అరిగిపోతుంది. అయితే మైక్రోఫైబర్ పీచులు కాంపౌండుతో త్వరగా అట్టకడతాయి, అట్టకట్టాక వేడెక్కి కొసలు మొద్దుబారతాయి. కంప్రెసర్ గాలితో మాటిమాటికీ ఊదుకునే ఓపిక ఉన్నవారికే అవి ఎక్కువ కాలం వస్తాయి.

మన్నికలో సగం పెయింటు శుభ్రత మీద ఆధారపడి ఉంటుందని నాకు అర్థం కావడానికి ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చే కార్లు కారణం. నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల ఆరుబయట నిలిపే కార్ల మీద బూడిద పడుతుంది. చూడటానికి అది పౌడరులా మెత్తగా ఉంటుంది; కాని అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా, అంటే గరుకు కాగితం మీద ఉండే రకం పదార్థమే. నీళ్లు కొట్టి, షాంపూతో కడిగినా కొంత బూడిద పెయింటుకు అతుక్కునే ఉంటుంది. పెయింటుకు పట్టిన రేణువులను లాగేసే మెత్తని ముద్ద, అంటే క్లే బార్‌తో దాన్ని తీయకుండా మిషన్ పెడితే, ఆ రేణువులు స్పాంజి గదుల్లో చేరి ఒకవైపు పెయింటునూ, ఇంకొకవైపు స్పాంజినీ కోస్తాయి. క్లే చేయడానికి పట్టే ముప్పావు గంట ఒక ప్యాడును కాపాడుతుంది. దానికంటే ముఖ్యంగా, 40, 50 మైక్రాన్లకు మించి ఉండని క్లియర్ కోట్‌ను కాపాడుతుంది.

పని చేసేటప్పుడు ఒకే ప్యాడుతో కారంతా పూర్తి చేయాలన్న పొదుపే అసలు నష్టం. బానెట్‌కు ఒకటి, రూఫుకు ఒకటి, ఒక్కో పక్కకు ఒకటి చొప్పున మార్చుకుంటూ వెళ్తే ప్రతిదానికీ చల్లారే సమయం దొరుకుతుంది. మేము ఒక కారుకు గీతలు తీసే కోత దశలో అయిదారు, మెరుగు దశలో మూడు ప్యాడ్లు పక్కన పెట్టుకుంటాము. మొత్తం మీద చూస్తే ఆరు ప్యాడ్లను మార్చి మార్చి వాడినప్పుడు వచ్చే ఆయుష్షు, ఒకటి పాడయ్యాక ఇంకొకటి వాడినప్పటికంటే చాలా ఎక్కువ. కొత్త ప్యాడుకు మొదటిసారి ముఖమంతా కాంపౌండు పలుచగా పట్టించి, ఆ తరువాత శనగగింజంత బొట్లు మూడో నాలుగో చాలు. నానిపోయిన స్పాంజి మెత్తబడి ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. మిషన్ నడుస్తుండగా ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయినట్టు కనిపిస్తే మీరు అతిగా నొక్కుతున్నారని అర్థం. మే నెలలో మేము ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదకొండుకల్లా మిషన్ ఆపేస్తాము. 45 డిగ్రీల ఎండలో వచ్చిన బానెట్‌ను వెంటనే పాలిష్ చేయబోవడమే 2019లో నేను చేసిన తప్పు; అతుకు నాసిరకమన్నది ఎంత నిజమో, అప్పటికే కాలుతున్న రేకు మీద దాన్ని పరుగెత్తించింది నేనన్నదీ అంతే నిజం.

ప్యాడును ప్లేటు నుంచి తీసే తీరు చిన్న విషయమే గాని, దానివల్ల పాడైన ప్యాడ్లు ఎన్నో చూశాను. స్పాంజిని పట్టుకొని లాగకూడదు. వెల్క్రో కింద వేళ్లు పోనిచ్చి, చుట్టూ కొద్దికొద్దిగా లేపుతూ తీయాలి, అదీ కాస్త చల్లారాక.

కడగడం అదే రోజు జరగాలి. కాంపౌండు ఎండి రాయి కట్టాక ఎంత రుద్దినా గదుల లోపలి నుంచి రాదు. గోరువెచ్చని నీరు, తేలికపాటి క్లీనరు, మెత్తని బ్రష్షు చాలు. మరుగునీళ్లు, థిన్నరు అతుకును నాశనం చేస్తాయి. కడిగాక మెలితిప్పి పిండకుండా రెండు అరచేతుల మధ్య అదిమి నీరు తీసి, ఖాళీ బకెట్టులో మిషన్‌కు తగిలించి కొద్ది సెకన్లు తిప్పి, నీడలో వెల్క్రో పైకి, స్పాంజి కిందికి ఉండేలా జాలీ మీద ఆరబెడతాము. అప్పుడు నీరు అతుకు దగ్గర నిలవకుండా కిందికి దిగిపోతుంది. వేసవిలో ఒక్క రాత్రి చాలు. ఆగస్టు ముసురులో మూడు రోజులైనా లోపల చెమ్మ మిగిలే ఉంటుంది గనుక, ఆ నెలల కోసం ఒక సెట్టు అదనంగా ఉంచుకోవాలి.

ఇన్ని చేసినా ప్రతి ప్యాడుకూ ఒక చివరి రోజు ఉంటుంది. నొక్కిన గుంట నెమ్మదిగా పూడటం, మధ్యన మెత్తని బొడ్డులా తగలడం, అంచున సన్నని సందు కనిపించడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ప్యాడును మిషన్ మీదికి ఎక్కించము. స్పాంజి ఇంకా బాగుంటే వెల్క్రోను పూర్తిగా ఒలిచేసి, కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, మిషన్ చేరలేని డోర్ హ్యాండిల్ గుంటల్లోనూ, అద్దాల మెడల దగ్గరా చేత్తో పాలిష్ పెట్టడానికి వాడుకుంటాము. ఆ ముక్కల డబ్బా మా బల్ల కింద ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.