దానంతటదే నడిచే మెషీన్

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. కుడి మణికట్టు ఇంకా లాగుతోంది.

గడ్డి కోసే మెషీన్ గురించే. తోయక్కర్లేదు, దానంతటదే నడుస్తుంది, కొందామని ఈయన పది రోజులుగా అంటుంటే ఇవాళ ఒకటి అడిగి తెచ్చి మా గడ్డి మీదే నడిపి చూశాం. నడిచింది, కాదనను. లివర్ నొక్కగానే వెనక చక్రాలు సాఫీగా లాక్కెళ్ళాయి. కానీ గోడ దగ్గరికొచ్చాక వెనక్కి లాగాలి కదా? లివర్ వదిలినా గేరు పట్టు వీడదు, కొంచెం ముందుకు తోస్తే గానీ చక్రాలు వదులవ్వవు. అది తెలిసేలోపు ముప్పై కిలోల పైమాట బరువుని చక్రాలు తిరక్కుండానే ఈడ్చాను, గడ్డి లేచిపోయి రెండు మట్టి చారలు పడ్డాయి. మొక్కల మడి చుట్టూ ప్రతి మలుపులోనూ ఇదే తంతు. పైగా స్పీడ్ ఒక్కటే, దాని నడక నేను నడవాలి. ఇంజన్ ఆగకుండా ఇంకో కడ్డీని హ్యాండిల్‌కి అదిమి పట్టుకునే ఉండాలి. ఆ కడ్డీని మాత్రం తప్పుపట్టను, వదిలితే మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని అమెరికాలో 1982 నుంచీ నిబంధనే ఉంది.

వద్దని చెప్పేద్దామనే ఇది రాయడం మొదలుపెట్టాను. నాన్న మెషీన్‌కి ఇంజనే లేదు. తోస్తే కత్తుల సిలిండర్ కిరకిరమంటూ తిరిగేది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, మిల్లులో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రం చూసి కనిపెట్టాడని నాన్నే చెప్పారు. నేను ముందు నడుస్తూ రాళ్ళు ఏరేదాన్ని. పుల్ల ఇరుక్కుంటే వేలు పెట్టనిచ్చేవారు కాదు, స్క్రూడ్రైవర్‌తో తనే తీసేవారు. ప్యాంటు అంచులు పచ్చగా అయ్యేవి. ఏటవాలు దగ్గర మాత్రం సగంలో ఆగి, నడుం మీద చెయ్యేసుకుని, నేను చూస్తున్నానని గుర్తొచ్చి మళ్ళీ తోసేవారు. చివరి రెండేళ్ళూ ఆ ముక్క కొయ్యలేదు. గడ్డి మోకాలెత్తు పెరిగింది, మేమెవరం అడగలేదు.

ఇవాళ మా వెనక ఏటవాలు మీద అడ్డంగా నడిపినప్పుడు నాకు ఆయాసం రాలేదు. మలుపుల మీది కోపంలో ఆ సంగతే పట్టించుకోలేదు.

కాబట్టి వద్దనను. స్పీడ్ మార్చుకునే వీలుండి, లివర్ వదలగానే చక్రాలు వదులయ్యేది చూడమని పొద్దున్నే ఈయనతో చెప్తాను. ఈసారి ముందుకు నడిపే ముందు వెనక్కి లాగి చూస్తాను.