డిసెంబరు 27 పేజీ

అనంతపురం, 2026 ఫిబ్రవరి 17, మంగళవారం. అమావాస్య.

నోటుపుస్తకంలో 2024 డిసెంబరు 27 పేజీ పక్కన పెట్టుకుని ఈ పూట పని మొదలు. నేటికి సరిగ్గా 417 రోజులు. సప్తర్షి మండలంలోని జంట క్వేసార్‌లో (క్వేసార్ అంటే చాలా దూరపు గెలాక్సీ నడుమ వెలిగే కేంద్రం) రెండు బింబాలు, ‘ఏ’, ‘బి’. ఆ రాత్రి ‘ఏ’ బింబంలో ఉన్న వెలుగు హెచ్చుతగ్గు ఈ రాత్రి ‘బి’ బింబంలో కనిపించాలి. నిజానికి ఉన్నది ఒకటే క్వేసార్. మధ్యలో ఉన్న గెలాక్సీ తన గురుత్వాకర్షణతో వెలుగును వంచి దాన్ని రెండుగా చూపిస్తోంది. బి వెలుగు ఆ గెలాక్సీ నడిబొడ్డుకు దగ్గరగా వస్తుంది, అందుకే ‘ఏ’ కంటే 417 రోజులు వెనకబడుతుంది. 1979లో దొరికిన ఈ జంటకు 417 అన్న అంకె కుదురుకునేసరికి 1997 వచ్చింది. అంతకుముందు 540 దగ్గర అన్నవాళ్లూ ఉన్నారు. రికార్డులో ఖాళీలుంటే అంతే మరి.

మిద్దె పగలంతా ఎండ తాగి రాత్రి పదింటిదాకా వేడి కక్కుతుంది. సాయంత్రం రెండు బిందెల నీళ్లు చల్లి, టెలిస్కోపు మూత తీసి, వెనక ఫ్యాను వేసి వదిలేయాలి. పది అంగుళాల అద్దం చల్లబడటానికి గంటన్నర. ఈలోగా గొట్టం మూతికి తెల్లపంచె బిగించి, మునిమాపు వెలుగులో ఫ్లాట్లు, అంటే దుమ్ము మచ్చలను తరువాత దిద్దుకోవడానికి తీసే సమవెలుగు ఫోటోలు. ఆ తరువాత కెమెరాను ముట్టుకోకూడదు. కాస్త తిరిగినా దుమ్ము మచ్చలు ఫ్లాటులో ఒకచోట, ఫోటోలో ఇంకోచోట పడతాయి.

దారి గుర్తుగా ఎన్‌జీసీ 3079 అనే వేరే గెలాక్సీ దొరికితే క్వేసార్ దానికి కొంచెం ఉత్తరాన. ఇక్కడి నుంచి అది 49 డిగ్రీలకు మించి లేవదు, ఆ ఎత్తు రాత్రి పన్నెండున్నరకు. పదకొండున్నర నుంచి ఎరుపు ఫిల్టరుతో 60 సెకన్లవి 80 ఫ్రేములు. చుక్క వెడల్పు మూడున్నర ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దాటినవి తీసేస్తే 61 మిగిలాయి.

బింబాల మధ్య దూరం ఆరు ఆర్క్ సెకన్లే. చుట్టూ గుండ్రంగా గీసి లోపలి వెలుగు కూడితే ఒకదానిది ఇంకోదానిలోకి ఒలుకుతుంది. పైగా వెలుగును వంచే ఆ గెలాక్సీ ‘బి’ నుంచి ఒక్క ఆర్క్ సెకను దూరంలోనే. కాబట్టి పక్క నక్షత్రంతో చుక్క ఆకారం తెలుసుకుని, బింబాల స్థానాలు, గెలాక్సీ వెలుగు మార్చకుండా కట్టేసి, ‘ఏ’, ‘బి’ ప్రకాశాలు మాత్రమే లెక్క తేల్చాలి. గెలాక్సీని వదిలేస్తే గాలి చెడిన ప్రతి రాత్రీ బి మారినట్టే ఉంటుంది.

మొదటి లెక్కలో ‘ఏ’, ‘బి’ రెండింటి వెలుగూ 0.05 మాగ్నిట్యూడ్ (చుక్కల ప్రకాశపు కొలత) మేర పెరిగింది. ఇలాంటిది చూసి సంబరపడకూడదు. 417 రోజుల ఎడముండే రెండు బింబాలు ఒకే రాత్రి ఒకే అంత మారితే అనుమానించాల్సింది క్వేసార్‌ను కాదు, కొలబద్దను. పోల్చే ఐదు నక్షత్రాల్లో అంచున ఉన్నది ఫ్లాట్ల తరువాత వాలిన కొత్త దుమ్ము మచ్చ మీద పడింది. దాన్ని తీసేస్తే పెరుగుదల మాయం.

ఈ రాత్రి ‘ఏ’ బింబపు కొలతకు ‘బి’లో జోడీ 2027 ఏప్రిల్ 10న వస్తుంది. పేజీ మూలన రాసిపెట్టాను. మే చివర కొలిచిన ‘ఏ’కు జోడీ మరుసటి ఏడు జూలైలో, మబ్బుల్లో, పడమటి సంజెలో పోతుంది. అందుకే చలికాలపు రాత్రి ఒకటి కూడా వదులుకోలేం. ఏప్రిల్‌లోనైతే క్వేసార్ తొమ్మిదింటికే పైకొస్తుంది, మిద్దె ఇంకా సలసలమంటూనే ఉంటుంది. నాలుగు బిందెలు కావాలి.