ఏడో లైను

“సంతకం పెట్టెయ్ అబ్బయ్యా, అన్నీ మామూలు మాటలే” అన్నాడు దస్తావేజు రాసేఆయన. బాబాయి పెన్ను మూత తీసేశాడు కూడా.

విడవలూరు దగ్గర రొయ్యల గుంట, 11 నెలల లీజు. పోయిన రెండు పంటల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు రానే లేదని ఓనరు ఒకటికి మూడుసార్లు చెప్పాడు. టీ తెప్పించి మరీ.

కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. ఏడో లైనులో మాత్రం ఇట్లా ఉంది: “లీజుదారు గుంటను స్వయంగా చూసుకుని, ఎవరి మాటల మీదా ఆధారపడకుండా తీసుకుంటున్నాడు.”

అంటే మూడుసార్లు చెప్పిన మాట టీ గ్లాసుతోపాటే పోయినట్టు!

1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అబద్ధం నమ్మి సంతకం పెట్టినవాడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అదే సెక్షన్లో ఒక మెలిక కూడా ఉంది. అవతలివాడు తెలియక తప్పు చెప్పినా, తెలిసీ మోసంగా నోరు మూసుకున్నా, మామూలు జాగ్రత్తతో నిజం కనుక్కునే వీలు మనకుంటే రద్దు కుదరదు. రేపు గొడవైతే ఈ ఏడో లైనే మనకు అడ్డం తెచ్చిపెడతారు.

“ఆ లైను కొట్టేసి, జబ్బు రాలేదన్న మాట రాయండి. అబద్ధమని తేలితే అడ్వాన్సు వాపసు” అన్నాను.

ఓనరు నవ్వాడు. “నామీద నమ్మకం లేదా?”

బాబాయికి మొహమాటం. నన్ను ఒక చూపు చూశాడు, పెళ్లిలో గొడవ పెట్టినవాణ్ణి చూసినట్టు.

ఓనరు ఇంట్లో అడిగొస్తానని బండెక్కాడు. పొద్దుగూకింది, ఇంకా ఫోన్ రాలేదు.