బిల్లుల పుస్తకం ముందు ఒక మంగళవారం

ఏప్రిల్ నెల కరెంటు బిల్లు ఈ రోజు వచ్చింది. మా కోవర్కింగ్ స్పేస్ (వేర్వేరు పనులవాళ్లు కుర్చీలు అద్దెకు తీసుకొని పంచుకునే ఆఫీసు) లెక్కలు చూసేది నేనే. సాయంత్రం సభ్యుల సమావేశంలో చర్చించవలసిన అంశం కూడా 'మన చోటు సామాజిక, పర్యావరణ బాధ్యత' కావడంతో, పగలంతా ఆ కాగితాన్ని పక్కన పెట్టుకునే పని చేసుకున్నాను. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డుకు దగ్గరలో ఒక అద్దె భవనం రెండో అంతస్తులో ఉంటాం. సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఇద్దరు ఆర్కిటెక్టులు, అనువాదాలు చేసే ఒకావిడ, జీఎస్టీ రిటర్నులు వేసే నాలాంటివాళ్లు ఒకే ఇంటర్నెట్టును, ఒకే ప్రింటరును, ఒకే ఏసీ గాలిని పంచుకుంటాం.

సామాజిక బాధ్యతకు ఇంత ఖర్చు పెట్టాలని చట్టం మమ్మల్ని అడగదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం లాభాల సగటులో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టవలసినవి, నికర లాభం 5 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర విలువ 500 కోట్లు గాని, అంతకు మించి గాని ఉన్న కంపెనీలు. అద్దె కట్టాక మా నిర్వాహకుడికి మిగిలేదేమిటో తెలిసిన నాకు ఆ అంకెలు చదివితే నవ్వొచ్చింది. అయినా ఆయన ముందు గోడకు పచ్చని తీగలు గీయించి, కింద ప్రకృతి గురించి ఒక మంచి మాట రాయించారు. ఆ గోడ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బాధ్యత అనేది ఉంటే నెల తిరిగేసరికి అది ఖర్చుల పద్దుల్లో ఎక్కడో ఒకచోట కనబడాలి.

ముందు ఏసీ సంగతి. మన ఊరి ఎండల్లో ఏసీ వద్దనడం కుదరదు. ఎంతలో పెట్టాలన్నదే తగవు. కిటికీ వైపు కూర్చునేవారు ఇరవైకి దించుతారు, లోపలి వరుసలోని అనువాదకురాలు మే నెలలో శాలువా కప్పుకుంటుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 నుంచి తయారయ్యే ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనుక సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కనుక, ఇరవై ఆరులో ఏసీ పెట్టి పైన ఫ్యాను తిప్పుకోవడం ఏ మొక్కల కుండీ కంటే కూడా ఎక్కువ పని చేస్తుంది. నిజానికి ఇంతమంది ఎవరి ఇంట్లో వారు ఒక్కొక్క ఏసీ వేసుకోకుండా ఒక్కచోట కూర్చోవడమే మేం చేస్తున్న మొదటి ఆదా. కాని ఆ మాట చెప్పుకొని తృప్తిపడాలంటే కుర్చీలు నిండి ఉండాలి. సగం ఖాళీగా ఉన్న హాలును చల్లబరిస్తే ఆ లెక్క తలకిందులవుతుంది.

సోలార్ పెట్టుకోవచ్చు కదా అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అంటారు. మిద్దె మాది కాదు. ప్యానెళ్ల ఖర్చు భవనం యజమాని పెట్టాలి, తగ్గిన బిల్లు లాభం మాకు రావాలి. అలాంటి బేరానికి ఆయన ఎందుకు ఒప్పుకుంటారు? 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉన్నా, అది ఇళ్లకే గాని మాలాంటి వ్యాపార కనెక్షన్లకు వర్తించదు. అద్దె ఒప్పందం ఏడాదికొకసారి కాకుండా ఐదేళ్లకు రాసుకొని, మిగిలిన కరెంటు డబ్బులో యజమానికి వాటా ఇస్తామంటే దారి దొరకవచ్చు. ఈ మాట ఇంతవరకు ఎవరూ ఆయన దగ్గర కదిపినట్టు లేదు.

చెత్త విషయం ఇంతకంటే చిక్కు. తడి, పొడి అని రెండు డబ్బాలు పెట్టాం. మధ్యాహ్నం ఊడ్చే అక్కతో ఆ మాటే ఎత్తితే, "పైన ఎంత వేరు చేసినా కింద డ్రమ్ములో అంతా ఒకటిగానే పోస్తాండారు సార్, నాకెందుకీ రెట్టింపు పని?" అని అడిగింది. భవనంలోని తక్కిన దుకాణాలు కూడా కలిసిరాకపోతే మా డబ్బాలు అలంకారమే. టీ కప్పులైతే పూర్తిగా మా చేతిలో ఉన్నవి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ కప్పు ఉంది, పేపరు కప్పు లేదు; అందువల్ల పేపరు కప్పు మంచిదనే అపోహ పాతుకుపోయింది. దాని లోపలి వైపున సన్నని ప్లాస్టిక్ పొర ఉండటంతో దాన్ని తిరిగి కాగితంగా మార్చడం కష్టం. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలను ఆపేసి, అన్ని వేల మంది యాత్రికుల మధ్య గాజు సీసాలతో నెట్టుకొస్తున్నప్పుడు, ఈ కాస్త మందికి స్టీలు గ్లాసులు కడగడం అసాధ్యమంటే నేను ఒప్పుకోను. కడిగేది ఎవరన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అది అక్క పనుల్లో మరొకటిగా చేరకూడదు. ఎవరి గ్లాసు వారు కడుక్కోవాలి.

సామాజిక బాధ్యత అనగానే సమావేశంలో అందరూ అనాథాశ్రమానికి పుస్తకాలు, రక్తదాన శిబిరం అంటూ బయటికే చూశారు. అవి మంచి పనులే. అయితే మా గుమ్మంలోనే నాలుగు మెట్లున్నాయి, లిఫ్టు ఆ మెట్లు ఎక్కాకే మొదలవుతుంది. చక్రాల కుర్చీలో వచ్చిన ఒక యువకుడు మొన్న సీటు ధర అడిగి, మెట్లు చూసి వెనక్కి వెళ్లిపోయాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలనూ వదిలిపెట్టలేదు. ర్యాంపుకు అయ్యే ఖర్చు ఆ గోడ బొమ్మకు అయినదానికంటే మరీ ఎక్కువేమీ ఉండదు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే కుర్చీలను పూట లెక్కన తక్కువ ధరకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థినులకు, ఇంటి పని ముగించుకొని రాగలిగిన గృహిణులకు ఇవ్వాలని నేను ప్రతిపాదించాను. ఎలాగూ తిరిగే ఏసీకి అది కూడా న్యాయం చేసినట్టవుతుంది.

ఆడవాళ్లను రమ్మని పిలిచేముందు మరొకటి సరిచూసుకోవాలి. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013లోనే వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. మా దగ్గర మనుషులకు కొదవ లేదు గాని ఎవరూ ఎవరికీ ఉద్యోగులు కారు. పది మంది ఉద్యోగులు లేని ఇలాంటి చోట్ల ఫిర్యాదులు తీసుకోవడానికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుందన్న సంగతి సమావేశంలో ఒక్క అనువాదకురాలికే తెలుసు. ఆ వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇరవై ఆరు డిగ్రీలకు, స్టీలు గ్లాసులకు గొణుగుళ్ల మధ్యనే ఆమోదం దొరికింది. ర్యాంపుకు కొటేషన్ తెప్పిస్తామన్నారు. ఊడ్చే అక్క జీతం మాట ఎత్తేసరికి మాత్రం అందరూ ఫోన్లు చూసుకున్నారు. ఆమె ఒక ఏజెన్సీ మనిషి. మేం నెల మొదట్లోనే డబ్బు కట్టినా ఆమె చేతికి ఇరవయ్యో తేదీ దాకా అందదు, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డు ఇంకా రాలేదు. 'అది ఏజెన్సీ వ్యవహారం' అన్నాడొక అబ్బాయి. మేం తుడిపించుకుంటున్న నేల మాది అయినప్పుడు ఆ వ్యవహారంలో మాకూ భాగం ఉందని నేనంటాను. జూన్‌లో ఆ ఏజెన్సీతో ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. ఏడో తేదీలోపు జీతం అందినట్టు రుజువు చూపితేనే మరుసటి నెల బిల్లు చెల్లిస్తామన్న షరతు, ఈఎస్ఐ వాటా కలుపుకొని ఇవ్వవలసిన కొత్త మొత్తం రాసి, ఆ అదనపు భారం సభ్యులందరికీ పంచితే ఒక్కొక్కరికి నెలకు రెండు కాఫీల ధర పడుతుందని లెక్క కట్టి రాత్రే నిర్వాహకుడికి పంపాను. సంతకాలకు ముందే జవాబు కావాలని కూడా అడిగాను.