కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా: కడలి అంచున ఇళ్ళు

1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను మన బంగాళాఖాతంలో పుట్టినది కాదు. అది థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, నవంబరు 4న ఆ దేశంలోని చుంఫోన్ ప్రాంతాన్ని ధ్వంసం చేసి, అక్కడి సన్నని నేలపట్టీని దాటి అండమాన్ సముద్రంలోకి దిగి, ఆపైన బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటుకుని నెల్లూరు జిల్లాకు చేరింది. ఆ అండమాన్ సముద్రపు దీవుల్లోనే మోకెన్లు అనే సముద్ర సంచార జాతి తరతరాలుగా పడవల మీదా, నీటి అంచున గుంజల మీద లేపుకున్న ఇళ్ళలోనూ బతుకుతోంది. తీరవాసుల ఇళ్ళ గురించి ఆలోచించినప్పుడల్లా ఈ రెండు తీరాలూ నాకు కలిసే గుర్తుకు వస్తాయి. ఇళ్ళ నమూనాలు గీయడం నా వృత్తి. సముద్రం మీద బతికేవారికి ఇల్లు గీయాలంటే కాగితం ముందు కూర్చునే కంటే ముందుగా వారి వాకిళ్ళలో కూర్చోవాలన్న ఉద్దేశంతో కృష్ణపట్నం నుంచి ప్రకాశం జిల్లా కొత్తపట్నం దాకా తీరం వెంబడి ప్రయాణం పెట్టుకున్నాను.

కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే ఉప్పుటేటి ఒడ్డున, ఓడరేవు క్రేన్లు కనిపించేంత దూరంలో, యానాదుల గుడిసెలు కొన్ని ఉన్నాయి. యానాదులు పీతలు, రొయ్యలు, ఏటి చేపలు పట్టి బతికేవారు. శ్రీహరికోట దీవి కూడా ఒకప్పుడు వారి నివాసమే. రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంపిక చేసిన తరువాత అక్కడి కుటుంబాలు చాలావరకు చెదిరిపోయాయి. నేను చూసిన గుడిసెల్లో ఒకటి గుండ్రంగా, తాటాకు కప్పు దాదాపు నేలను తాకేంత కిందికి దిగి ఉంది. లోపలికి వంగి వెళ్ళాలి. గాలి పట్టుకోవడానికి అంచు గానీ, మూల గానీ ఎక్కడా లేదు. ఆ గుడిసె పెద్దాయన నాకు చాప వేసి, నేను అడిగినదానికి తాపీగా బదులిచ్చాడు: "పెద్దగాలి వస్తే గుడిసె పోద్ది సామీ. పోతే మళ్ళా రెండు రోజుల్లో వేసుకుంటాం. వల పోతేనే కష్టం."

ఆ ఇంటిని పొగడడానికే పరిమితమైతే అది అన్యాయం అవుతుంది. ఆ గుడిసెలో వర్షాకాలం నేల చెమ్మగా ఉంటుంది, పాము వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అంతా కాలిపోవడానికి. ఉప్పెన నీరు వస్తే దాని ఆకారం ఏమాత్రం కాపాడదు. అయితే ఆయన మాటలో ఉన్న లెక్కను మాత్రం నేను నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను. ఆ కుటుంబానికి ఉన్న అసలు ఆస్తి వల, పడవ. వాటికి చోటు లేని ఇంటిని ఎంత గట్టిగా కట్టినా అది వారి ఆస్తిని కాపాడే ఇల్లు కాదు.

మైపాడు దగ్గర తెల్లవారుజామున అలివి వల లాగడం చూశాను. రెండు తాళ్ళ చివర్లు ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి; వల దగ్గరికి వచ్చే కొద్దీ ఆ గుంపులు ఒకదాని వైపు మరొకటి జరుగుతాయి. అంటే ఒడ్డు పొడవునా ఏ గోడా, కంచే అడ్డం లేని ఇసుక కావాలి. దాని వెనుక పడవలను ఎక్కించే చోటు, వలలు పరిచి చిక్కులు తీసి బాగుచేసే చోటు, చేపలు వేరుచేసే చోటు, ఆరబెట్టే చోటు, గంగమ్మ గుడి, ఆ తరువాత ఇళ్ళు. మనం ఇల్లు అని గీసే గీత ఈ వరుసలో చివరి భాగం మాత్రమే. సముద్రంలో చేపల వేట చేసే పట్టపువారి పల్లెల్లో ఈ వరుస ఎవరూ రాసిపెట్టకుండానే ప్రతిచోటా దాదాపు ఒకే విధంగా కనిపించింది.

కావలి మండలంలోని ఒక పల్లెపాలెంలో నేను ఎక్కువసేపు ఉన్నాను. అక్కడ ఒడ్డుకు బాగా లోపలగా, తారురోడ్డు వెంట, ఒకే కొలతతో స్లాబు ఇళ్ళు వరుసగా కట్టి ఉన్నాయి. ప్రతి ఇంటి ముఖమూ రోడ్డు వైపే, వీపు సముద్రం వైపు. చాలా ఇళ్ళ పక్కన అదే కుటుంబం మళ్ళీ ఒక తాటాకు పంచ వేసుకుంది. వంట అక్కడే, మధ్యాహ్నపు కునుకు అక్కడే, వల అల్లేదీ అక్కడే. స్లాబు ఇంటి ముందుగదిలో పడవ ఇంజనూ, వలల మూటలూ ఉన్నాయి. ఎండుచేపల వ్యాపారం చేసే ఒక పెద్దావిడ నన్ను ఇంటి చుట్టూ తిప్పి చూపించింది. "గట్టిగానే కట్టినారు నాయనా, కాదనను. పైన ఇంత ఎండ తగిలే చోటు ఉంది, ఎక్కేదానికి మెట్లేవి? నిచ్చెన మీద గంప ఎత్తుకుని నేను ఎక్కగలనా?" అని అడిగింది. తరువాత పెరటి వైపు గోడ చూపించి, ఇక్కడొక కిటికీ ఉంటే పడవలు తిరిగి రావడం కనపడేది గదా అంది. కిటికీ లేక ఆమె రోజూ ఎండలో ఒడ్డుదాకా నడిచి వెళ్ళి చూసి వస్తోంది.

ఆ ఇళ్ళను లాటరీ తీసి పంచారట. దానివల్ల అన్నదమ్ములూ వియ్యంకులూ తలా ఒక వరుసలో పడ్డారు. ఒక పడవలో వెళ్ళేవారు సాధారణంగా దగ్గరి బంధువులే. వేకువన ఒకరినొకరు లేపుకోవడానికీ, వలను కలిసి మోయడానికీ ఇళ్ళు పక్కపక్కన ఉండాలి. ఇంట్లో అరవం కలిసిన మాట మాట్లాడుకునే ఆ పిల్లలకు ఆ మాట నేర్పేదీ ఆ పక్కింటి అవ్వలే. ఖర్చు లేకుండా కాపాడగలిగిన సంస్కృతి ఇది. పంపకం పద్ధతి ఒక్కటి మార్చితే చాలు.

ఇక్కడే మోకెన్ల కథ చెప్పాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు థాయిలాండ్‌కు చెందిన సురిన్ దీవుల్లోని మోకెన్లు సముద్రం వెనక్కి తగ్గడం చూసి, పెద్దలు తరతరాలుగా చెప్పిన కథను గుర్తుచేసుకుని గుట్టలెక్కి బతికారు. వారి పల్లె మాత్రం కొట్టుకుపోయింది. తరువాత సదుద్దేశంతోనే వారందరినీ ఒకేచోట, దగ్గర దగ్గరగా వరుసలు తీర్చిన ఇళ్ళలో స్థిరపరిచారు. 2019 ఫిబ్రవరిలో అక్కడ నిప్పు అంటుకుంటే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పాకి ఆ పల్లెలో చాలా భాగం, దాదాపు అరవై ఇళ్ళు, కాలిపోయాయి. నీటి అంచున ఎడంగా ఉండే పాత అమరికకు కారణాలు ఉన్నాయి. కొత్త అమరిక గీసేవారు ఆ కారణాలను ముందుగా అడిగి తెలుసుకోవాలి.

స్లాబునూ నేను తక్కువ చేయను. మన జాతీయ ప్రమాణం ప్రకారం నెల్లూరు తీరంలో ఇంటిని సెకనుకు 50 మీటర్ల గాలివేగానికి, అంటే గంటకు 180 కిలోమీటర్లకు, లెక్కకట్టాలి. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు సమానం. నాలుగు అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 250 కిలోల దాకా తూగుతుంది కనుక తన బరువుతోనే నిలబడుతుంది. సిమెంటు రేకు ఆ బరువులో పదో వంతు కూడా ఉండదు, కాబట్టి దాన్ని గోడలోకీ, పునాదిలోకీ బిగించకపోతే లేచిపోతుంది. అయితే ఉప్పుగాలి స్లాబులోని ఇనుమును తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. పాకాల దగ్గర ఒక పాత ఇంట్లో పడక పైనే ఊచలు బయటపడి ఉండడం చూశాను. ఊచల మీద కాంక్రీటు మందం పెంచడం, ఉప్పు ఇసుకను, ఉప్పు నీటిని నిర్మాణంలోకి రానివ్వకపోవడం ఇక్కడ తప్పనిసరి జాగ్రత్తలు.

కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ 1970లలో తిరువనంతపురం దగ్గర మత్స్యకారులకు కట్టిన ఇళ్ళు ఈ విషయంలో నాకు ఎంతో నేర్పాయి. ఆయన గోడలను జల్లెడలా ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టి గాలిని ఆపకుండా పోనిచ్చాడు, వాలుకప్పును కిందికి దించాడు, ఇళ్ళను ఒకే వరుసలో కాక ముందువెనుకలుగా జరిపి ప్రతి ఇంటికీ సముద్రపు గాలీ, చూపూ అందేట్టు, ముందు ఖాళీలో వలలూ చేపలూ ఆరేట్టు చేశాడు. ఆ నమూనాను అలాగే తెచ్చి ఇక్కడ పెట్టమని నేను అనను. జిల్లాకు జిల్లాకు గాలి వేరు, ఉప్పెన ఎత్తు వేరు. కానీ ఆయన పనిలో ముందుగా చోటు చేసుకున్నవి వలా, చేపా, చూపూ అన్న సంగతి ముఖ్యం.

రామాయపట్నం ఓడరేవు పనుల పక్కగా దుమ్ములో త్వరగా దాటి, పాకాల చూసుకుని కొత్తపట్నం చేరేసరికి నా నోటుపుస్తకంలో ఒక అమరిక రూపుకట్టింది. ఒడ్డునే, ఇసుక దిబ్బలకు సముద్రం వైపున, పనిచోటు: సరుగుడు గుంజల మీద తాటాకు పందిళ్ళు, నడుమెత్తు చేపల ఆరబెట్టే బల్లలు, పడవల ర్యాంపు. ఇది తుపానుకు పోయినా నష్టం చిన్నది, ఊరే మళ్ళీ వేసుకోగలదు. దిబ్బలనూ, వాటి మీద మేకడెక్కలాంటి ఆకులతో పాకే తీగలనూ కదపకూడదు. అలను మొదట ఆపేవి అవే. వాటి వెనుక ఎత్తయిన అరుగు మీద ఇల్లు. అందులో ఒక గది మాత్రం స్లాబుతో, పైకి మెట్లతో. మిగతా భాగం నాలుగు వైపులా వాలిన కప్పుతో. ముందు పంచ కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా కట్టాలి, పెద్దగాలికి పంచ ఊడినా అసలు కప్పును లాక్కుపోకుండా.

చట్టం దీనికి పూర్తిగా అడ్డం కాదు. తీర నియంత్రణ నిబంధనల 2011 ప్రకటన పల్లె ప్రాంతాల్లో సముద్రపు పోటు గీత నుంచి సాధారణంగా 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలను నిరోధించినా, 100 నుంచి 200 మీటర్ల మధ్య సంప్రదాయ తీరవాసుల ఇళ్ళకు వీలు కల్పించింది. నన్ను కలవరపెడుతున్నది వేరే విషయం. జనాన్ని భద్రత పేరుతో వెనక్కి పంపిన తరువాత ఖాళీ అయిన ఒడ్డు ఎవరి చేతికి పోతుంది? పనిచోటు భూమికి ఊరి ఉమ్మడి పేరున హక్కు రాసివ్వకుండా ఒక్క కుటుంబాన్నీ కదపకూడదని నా గట్టి అభిప్రాయం.

కొత్తపట్నంలోని పల్లెపాలెంలో ఈ అమరికను ఊరి పెద్దల ముందు పెట్టాను. కాగితం చేతులు మారింది గానీ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చివరకు ఒక నడివయసు మత్స్యకారుడు, "సార్, ఇది ఇసుకలో గీసి చూపించండి, మా బోటు తెచ్చి అందులో పెట్టి చూస్తాం," అన్నాడు. అందరికీ అది నచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మగవారంతా ఊర్లో ఉంటారు కనుక అప్పుడు రమ్మన్నారు. ఒక ఇంటినీ, దాని పనిచోటునూ సున్నంతో అసలు కొలతల్లో ఒడ్డున గీస్తాను. ముప్పై అడుగుల బోటు తిరుగుతుందో లేదో మగవారు చూస్తారు. మెట్ల వెడల్పు, ఆరబెట్టే బల్లల ఎత్తు, సముద్రం వైపు కిటికీ ఎక్కడ ఉండాలో ఆడవారు చెబుతారు. ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉండాలో మాత్రం తామే కూర్చుని తేల్చుకుంటామని, ఆ జాబితా నేను వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని పెద్దలు చెప్పారు.