శుక్లం, నీటికాసులకు ఒకేసారి ఆపరేషన్: ప్రెషర్ 4కి పడిపోయినప్పుడు

కంటి ప్రెషర్ పెరిగితే ప్రమాదమని ఏళ్లుగా వింటూ వచ్చాను. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. నాకు నీటికాసులు (గ్లకోమా) ఉండటంతో మూడు రకాల చుక్కలు వేసినా 26 కంటే దిగేది కాదు. అదే కంట్లో శుక్లం కూడా ముదరడంతో డాక్టర్‌గారు రెండూ కలిపి చేశారు. శుక్లం తీసి లెన్స్ పెట్టారు. కంటి లోపలి నీరు బయటికి రావడానికి తెల్లగుడ్డులో చిన్న దారి చేశారు. ఆ నీరు పైరెప్ప చాటున చిన్న బుడగలా చేరుతుంది. దాన్ని బ్లెబ్ అంటారు.

ఆపరేషన్ సాఫీగానే అయింది. కట్టు విప్పాక రెండో చెకప్‌లో ప్రెషర్ 4 అన్నారు. తక్కువైతే మంచిదేగా అనుకున్నాను. కానీ చూపు మరీ మసకేసింది. కంట్లో రంగు వేసి నీలం లైటులో చూశారు. కుట్ల దగ్గర లీకేజీ లేదు, కొత్త దారిలోంచే నీరు ఎక్కువగా పోతోందట. స్కానింగ్‌లో కంటి వెనక పొర కింద నీరు చేరినట్టు కనిపించింది. మళ్లీ ఆపరేషనేమోనని ఆ రాత్రి నిద్రే లేదు.

అంత దూరం వెళ్లలేదు. అట్రోపిన్ చుక్కలు వేసి, స్టెరాయిడ్ చుక్కలు కొనసాగించి, దగ్గర దగ్గరగా చెకప్‌లు పెట్టారు. వంగొద్దు, బరువులెత్తొద్దు, ముక్కొద్దు అన్నారు. మలబద్ధకానికి కూడా మందిచ్చారు, దానికీ కంటికీ సంబంధం ఉంటుందని నాకప్పుడే తెలిసింది. ప్రెషర్ మెల్లగా కోలుకుంది, చేరిన నీరూ ఇంకిపోయింది.

ఆ తర్వాత సమస్య ఎదురు తిరిగింది. గాయం మానే కొద్దీ దారి బిగుసుకుని ప్రెషర్ 22కి ఎక్కింది. లేజర్‌తో ఒక కుట్టు తెంపారు, నొప్పేమీ తెలియలేదు. 13కి దిగింది.

శుక్లం మాత్రమే తీయించుకున్నవాళ్లతో పోలిస్తే నాకు కోలుకోవడానికి చాలా ఎక్కువ సమయం పట్టింది. కొత్త కళ్లద్దాలు కూడా ఆలస్యంగానే రాశారు. రంగులు స్పష్టంగా కనిపిస్తున్నాయి, కానీ నీటికాసుల వల్ల పోయిన పక్కచూపు తిరిగి రాలేదు, రాదని ముందే చెప్పారు. బ్లెబ్‌కు ఎన్నేళ్ల తర్వాతైనా ఇన్ఫెక్షన్ రావచ్చు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, పుసి కట్టినా, చూపు తగ్గినా అదే రోజు ఆస్పత్రికి రమ్మన్నారు. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.