వీపు ఒక పక్కే ఉబ్బితే: కండా, పూసా, కాలా?

బ్లౌజు కుట్టే టైలర్లకు ఈ సంగతి డాక్టర్ల కంటే ముందే తెలుస్తుంది. ఒక భుజం అర అంగుళం దిగినట్టు కొలతలో వస్తే, పైకి ఏమీ అనకుండా ఆ పక్క కుట్టు సర్దేస్తారు. రెడీమేడ్ చొక్కాలు కొనుక్కునే మగవాళ్లకు ఆ హెచ్చరిక కూడా ఉండదు. జిమ్‌లో ఎవరో "బాసూ, నీ వీపు ఒక పక్కే పెరిగింది" అన్నాక వెతుకులాట మొదలవుతుంది. నాకు ఉబ్బు నడుములో ఎడమ పక్కన, వెన్నెముకను ఆనుకుని నిలువుగా ఉండేది. ఎక్కువసేపు నిలబడితే అక్కడే సలుపు. తేలింది ఏమిటంటే, నడుము దగ్గర వెన్ను ఎడమకి 12 డిగ్రీలు వంగి ఉంది, ఎడమ కాలు 8 మి.మీ. పొట్టి. ఇలాంటి ఉబ్బే మరొకరికి వేరే కారణంతో రావచ్చు. అందుకే వ్యాయామాల కంటే ముందు కారణం తేల్చుకోవడం గురించి రాస్తాను.

వెన్నెముక పక్కకి వంగినప్పుడు మెలి కూడా తిరుగుతుంది. ప్రతి పూసకీ రెండు పక్కలా అడ్డంగా పొడుచుకొచ్చిన ఎముకలుంటాయి. వంపు ఉబికిన వైపు అవి వెనక్కి తిరిగి, మీదున్న కండను బయటికి నెడతాయి. చూసేవాళ్లకు ఆ పక్క కండ పెరిగినట్టు, రెండో పక్క కరిగినట్టు అనిపిస్తుంది. ఛాతీ భాగంలో అయితే పక్కటెముకలు కూడా తిరిగి భుజం రెక్కను లేపుతాయి. అది చూసి 'తగ్గిన పక్క' డంబెల్స్‌తో పెంచేద్దామని కూర్చుంటే ఉబ్బు అలాగే ఉంటుంది, కొత్త నొప్పి వచ్చి చేరుతుంది. దీనికి పూర్తిగా తిరగేసిన రకమూ ఉంది: పూసలు నిట్టనిలువుగా ఉండి కండ మాత్రమే ఒక పక్క పెరగడం. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎప్పుడూ ఒకే భుజం మీద మోసేవాళ్లలో, ఫాస్ట్ బౌలర్లలో ఇలా జరగొచ్చు. ఇక కుడిచేతి వాటం వాళ్లకు కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి ఉండటం మామూలే, అది జబ్బు కాదు.

ఇంట్లో మొదట చేయాల్సింది ముందుకి వంగి చూపించుకోవడం. విలియం ఆడమ్స్ అనే ఇంగ్లండ్ సర్జన్ 1865లో వివరించిన పద్ధతి ఇది, ఇప్పటికీ దీన్ని మించిన తేలిక పరీక్ష లేదు. చెప్పుల్లేకుండా, పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు నిటారుగా ఉంచి, రెండు అరచేతులూ జోడించి నేల వైపు మెల్లగా వంగాలి. చూసేవాళ్లు తల వైపు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూడాలి. నిలబడినప్పుడు కనిపించిన తేడా వంగగానే మాయమైతే అది ఎక్కువగా నిలబడే తీరు వల్లనో, కండ పట్టేయడం వల్లనో వచ్చింది. వంగినా ఒక పక్క గట్టుగా నిలిచి ఉంటే పూసలు మెలి తిరిగి ఉండొచ్చు.

ఆ గట్టు ఎంతుందో సెల్‌ఫోన్లో లెవెల్ చూపించే యాప్‌తో కొలవచ్చు. ఫోన్‌ను నేరుగా వెన్ను మీద ఆనిస్తే నడిమి ఎముక మొన మీద అది ఊగి తప్పు లెక్క చూపిస్తుంది. రెండు బొటనవేళ్లను ఫోన్ కింద చెరో పక్కా పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి, వీపు పైనుంచి నడుము దాకా జరపాలి. 5 డిగ్రీల లోపుంటే కంగారు లేదు. 7 దాటితే ఎక్స్‌రే తీయించుకోవాలి. మధ్యలో ఉంటే పెద్దవాళ్లు కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలుచుకోవచ్చు, ఎదిగే పిల్లల్ని మాత్రం ఒకసారి డాక్టరుకి చూపించడమే మేలు. తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి అలాగే వంచి చూడాలి. కూర్చుంటే కాళ్ల ప్రమేయం పోతుంది కాబట్టి అప్పుడు తేడా తగ్గిందంటే అనుమానం కాలి మీదికి వెళ్తుంది. నాకు సగం పైగా తగ్గింది.

ఫొటోలు తీసుకునేవాళ్లు మెడ కింద ఉబికి ఉండే పూస నుంచి నడుము దాకా పూస పూసకీ ఒక బొట్టు బిళ్ల అంటిస్తే గీత బాగా తెలుస్తుంది. రెండు రెక్కల కింది మొనల దగ్గర, నడుము కింద ఉండే రెండు గుంటల దగ్గర కూడా అంటించాలి. కెమెరా నడుము ఎత్తులో, పాదాలు ప్రతిసారీ నేల మీద గీసిన అవే గుర్తుల మీద. కానీ బిళ్లల గీత తిన్నగా ఉందని ధీమా పడకూడదు. మెలిలో పూసల వెనక మొనలు వంపు లోపలి వైపుకి తిరుగుతాయి, అందుకని అసలు వంపు కన్నా గీత తక్కువగా కనిపిస్తుంది.

కాళ్ల కొలతకి వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి ముందు ఎముక మొన నుంచి లోపలి చీలమండ ఎముక దిగువ అంచు దాకా టేపు పట్టాలి. టేపుతో కొన్ని మిల్లీమీటర్ల పొరపాటు ఎప్పుడూ ఉంటుంది. దానికంటే నమ్మకమైనది చెక్క ముక్కల పద్ధతి: వడ్రంగి దగ్గర 3, 6 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు తెచ్చుకుని, తుంటి దిగిన వైపు పాదం కింద ఒక్కొక్కటే పెడుతూ, వెనక గుంటలు రెండూ సమమట్టానికి వచ్చేదాకా చూడాలి. రెండు పద్ధతుల్లోనూ ఒకే కాలు పొట్టిగా వస్తేనే అది నిజమైన తేడా. టేపులో రెండూ సమానంగా వచ్చి, నిలబడితే మాత్రం తుంటి దిగుతుంటే అది నడుము కండ బిగువో, తుంటి కీలు సమస్యో కావచ్చు. అలాంటివాళ్లు మడమ ఎత్తు పెట్టుకుంటే లేని వంకర తెచ్చుకున్నట్టే.

సెంటీమీటరు లోపు తేడా చాలామందికి ఉంటుంది, నొప్పి లేకపోతే దాన్ని కదిలించక్కర్లేదు. నొప్పి ఉంటే తేడాలో సగంతో మొదలుపెట్టాలి. నేను 4 మి.మీ. గట్టి ఈవీఏ (చెప్పుల అట్టలకు వాడే ఫోమ్) షీటు ముక్కను చెప్పులు కుట్టే అతనితో షూలో మడమ కింద అతికించుకున్నాను. మెత్తటి స్పాంజి వేస్తే బరువు పడగానే అణిగిపోయి ఎత్తే మిగలదు. షూ లోపల 10 మి.మీ. మించి పెడితే మడమ పైకి తేలి జారుతుంది, ఆపైన కావాలంటే అట్ట బయట అతికించాలి. అసలు చిక్కు మన ఇళ్లలో ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేస్తాం. వంటింట్లో స్టవ్ ముందు గంటలకొద్దీ నిలబడేవాళ్లు షూలో ఎత్తు పెట్టుకుని ఏం లాభం? ఇంట్లో వేసుకునే చెప్పుల జత ఒకటి విడిగా పెట్టుకుని దానికీ అదే ఎత్తు వేయించాలి. ఎత్తు వేశాక రెండో పక్క తుంటి గానీ మోకాలు గానీ నొప్పి మొదలైతే మందం తగ్గించాలి.

ఇక ఎక్స్‌రే. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో అడుగుకొక డయాగ్నస్టిక్ సెంటరు ఉంది గానీ, అన్నిచోట్లా పూర్తి వెన్నెముక ఒకే ఫిల్ములో రాదు. ముందే ఫోన్ చేసి అడగాలి. చీటీ మీద 'నిలబడి, మెడ నుంచి తుంటి దాకా, వెనక నుంచి ముందుకి' అని డాక్టరుతో రాయించుకోవాలి. వెనక నుంచి తీస్తే రొమ్ము భాగానికి రేడియేషన్ తగ్గుతుంది, ఆడపిల్లల విషయంలో ఇది పట్టుబట్టి అడగాల్సిన మాట. పడుకోబెట్టి నడుము వరకే తీసిన ఫిల్ము వంపు కొలవడానికి పనికిరాదు, బరువు పడనప్పుడు వంపు కొంత సర్దుకుంటుంది. చెప్పులు విప్పి, మోకాళ్లు నిటారుగా పెట్టి నిలబడాలి. ఒక మోకాలు వంచితే తుంటి దిగి, లేని వంపు కనిపిస్తుంది.

ఫిల్ము మీద కొలిచేదాన్ని కాబ్ యాంగిల్ అంటారు, 1948లో జాన్ కాబ్ చెప్పిన పద్ధతి. వంపులో పైన అన్నిటికంటే ఎక్కువ ఒరిగిన పూస పై అంచుకీ, కింద అలాగే ఒరిగిన పూస కింది అంచుకీ గీతలు గీసి వాటి మధ్య కోణం చూస్తారు. 10 డిగ్రీలు దాటి, మెలి కూడా ఉంటేనే స్కోలియోసిస్ అనాలి. కొలతలోనే 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది కాబట్టి 12 పోయి 15 వచ్చిందని భయపడటం, 15 పోయి 12 వచ్చిందని పండగ చేసుకోవడం రెండూ అనవసరం. రిపోర్టులో 'మైల్డ్ స్కోలియోసిస్' అని ఉండి డిగ్రీలు లేకపోతే ఆ మాటకి విలువ లేదు. డిగ్రీలు, ఏ పూస నుంచి ఏ పూస వరకు అన్నది రాయించుకోవాలి.

ఎదుగుదల ఆగిపోయిన వాళ్లకు 30 డిగ్రీల లోపు వంపు సాధారణంగా పెరగదు. 50 దాటినవి పెద్ద వయసులోనూ ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున పెరగొచ్చు. పిల్లల లెక్క వేరు. ఎదిగే వయసులో 25 వరకు నాలుగైదు నెలలకోసారి చూస్తూ ఉంటారు. 25 నుంచి 40 మధ్య బ్రేస్ (ఒంటికి బిగించే గట్టి చట్రం) వేస్తారు, 45–50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. బ్రేస్ పనిచేస్తుందా అన్న వాదనకు 2013లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన సమాధానమిచ్చింది: బ్రేస్ వేసిన పిల్లల్లో 72 శాతం మంది 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల పూర్తిచేశారు, వేయనివాళ్లలో 48 శాతం. రోజుకి కనీసం 18 గంటలు వేసుకోమన్నారు. మన బెజవాడ ఎండలకి అది మాటలు కాదు, లోపల కుట్లు లేని నూలు బనియన్ వేసి, చెమటకి తడిసినప్పుడల్లా మార్చాలి. ఎనిమిదో తరగతికే హాస్టల్లో వేసిన పిల్లల వీపు ఇంట్లోవాళ్ల కంటపడేది దసరాకీ సంక్రాంతికీ మాత్రమే. వచ్చినప్పుడు ఒకసారి వంచి చూడండి. స్కూలు బ్యాగు వల్ల స్కోలియోసిస్ రాదు, కానీ నొప్పి వస్తుంది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు.

వ్యాయామం ఎముకల వంపును తిన్నగా చేయదు. నొప్పి తగ్గిస్తుంది, ఓర్పు పెంచుతుంది. ముందు రెండు పక్కలా బలం ఎంతుందో చూసుకోవాలి. మోచేతి మీద ఒక పక్కకి లేచి ఆగే సైడ్ ప్లాంక్ ఎన్ని సెకన్లు నిలుస్తున్నారో రెండు పక్కలా రాసుకోండి. ఎడమకి 40, కుడికి 28 వస్తే అదీ మీ అసలు తేడా. అది అద్దంలో కనిపించదు.

నేను చేసిన వరుస ఇది. మోకాళ్లూ అరచేతుల మీద ఉండి వెన్నును పైకీ కిందికీ మెల్లగా ఆడించడం ఏడెనిమిది సార్లు, అది నడుము సడలడానికే. ఆపైన అదే భంగిమలో ఎదురెదురు చేయి, కాలు చాపి 10 సెకన్లు ఆగడం, పక్కకి ఆరు సార్లు. ఇక్కడ అందరూ చేసే తప్పు కాలు మరీ పైకెత్తి తుంటిని తిప్పేయడం. నడుము మీద ఒక స్టీలు ప్లేటు పెట్టుకుంటే అది జారగానే తెలిసిపోతుంది. తర్వాత సైడ్ ప్లాంక్, మోకాళ్లు ఆనించి 10 సెకన్ల చొప్పున ఆరు, నాలుగు, రెండు సార్లుగా తగ్గించుకుంటూ మూడు విడతలు. ఎప్పుడూ బలహీనమైన పక్కతో మొదలుపెట్టి, బలమైన పక్కకి అంతే చేయాలి, ఎక్కువ వద్దు. ఆఖరున బకెట్ నడక: సగం బకెట్ నీళ్లు ఒక చేత్తో పట్టుకుని డాబా మీద 20 మీటర్లు, ఒళ్లు ఏ పక్కకీ ఒరగకుండా. కుడి చేత్తో పట్టుకుంటే ఎడమ నడుము పనిచేస్తుంది. ఊపిరి బిగబట్టడం ఇందులో వచ్చే పెద్ద లోపం, నడుస్తూ ఎవరితోనైనా మాట్లాడగలిగితే బరువు సరిపోయిందన్నట్టు. వంపు పెద్దదైతే దాని దిశను బట్టి ఊపిరితో చేయించే ష్రాత్ పద్ధతి నేర్చిన ఫిజియోథెరపిస్టు దగ్గరికే వెళ్లాలి, వీడియోలు చూసి చేస్తే దిశ తారుమారు అవుతుంది.

పట్టేసినట్టున్న చోటనే మాలిష్ చేయించుకుంటే హాయి గంటసేపే. వంపు బయటి వైపు కండ సాగి, పని ఎక్కువై అలిసి గట్టిపడుతుంది, నిజంగా పొట్టిపడింది లోపలి వైపు కండ. ఆన్‌లైన్లో దొరికే భుజాల బెల్టు నా దృష్టిలో డబ్బు దండగ, అది భుజాలను వెనక్కి లాగుతుందే తప్ప పక్క వంపుకి చేసేదేమీ లేదు. వెనక జేబులో లావు పర్సు తీసేయడం, బండి మీద ఎప్పుడూ ఒకే పక్కకి కూర్చునే అలవాటు మార్చడం ఖర్చు లేని పనులు.

నడుము ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయి, తొడ నుంచి పిక్క దాకా లాగుతుంటే అది చాలావరకు డిస్కు సమస్య. ఆ నొప్పి ఉన్న రోజుల్లో తీసిన ఎక్స్‌రేలో వచ్చే డిగ్రీలకు అర్థం లేదు, నొప్పి తగ్గాక తీయించాలి. పాదం ఈడ్చుకుపోవడం, రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పిల్లల్లో నొప్పితో కూడిన వంపు గానీ ఛాతీ భాగంలో ఎడమకి తిరిగిన వంపు గానీ ఉంటే ఎమ్మారై అవసరమవుతుంది. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) లేదా మంగళగిరి ఎయిమ్స్ ఆర్థోపెడిక్ ఓపీకి పాత ఫిల్ములు పట్టుకెళ్లండి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఓపీ కోసం ఆగకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నా సలుపు పోయింది, సైడ్ ప్లాంక్ రెండు పక్కలా దాదాపు సమానమైంది. ఉబ్బు కొంచెం మిగిలే ఉంది, పూస మెలి ఉన్నంతవరకు అది పోదు. ఫిల్ము, సీడీ రెండూ దాచుకున్నాను. మళ్లీ తీయించాల్సి వస్తే అదే సెంటర్లో, అదే వేళకి, అవే పూసల మధ్య కొలవమని అడగాలి, పొద్దున్నకీ సాయంత్రానికీ కూడా డిగ్రీలు మారతాయి.